వంకల మాస్టారి ఉత్తుత్తి కంప్యూటర్లు

వంకల మాస్టారికి ఈ లోకంలో నచ్చేవి తక్కువ. కంప్యూటర్ తెర మీద నచ్చేవైతే అసలు లేవు.

ఆయన ఒక ట్యుటోరియల్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తారు. అసలు పేరు జీతాల రిజిస్టర్‌లో ఉంటుంది. మిగతా అందరికీ వంకల మాస్టారే. స్టాఫ్ రూమ్‌లో కుర్చీ వేస్తే కుర్చీకి వంక, ఫ్యాన్ తిరిగితే తిరిగే తీరుకి వంక. ఎదుటివాడు ఫోన్ బయటికి తీస్తే చాలు, ఎగాదిగా చూసి, "అదా వాడుతున్నారు?" అని పెదవి విరుస్తారు. ఆ ఒక్క ముక్కతో కొత్త ఫోన్ కొన్న సంబరం కాస్తా నీరుగారిపోతుంది. ఆయనకి మాత్రం అది లోకానికి చేసిన సేవలాగే కనిపిస్తుంది.

లినక్స్ అని ఒకటుంది. లోపల యంత్రాన్ని నడిపేది అదే అయినా, తెర మీద కనిపించే వేషం మాత్రం మనకి నచ్చింది తగిలించుకోవచ్చు. మెనూ ఎక్కడుండాలి, పట్టీ పైనా కిందా, కిటికీలు ఎలా తెరుచుకోవాలి, అన్నీ ఆ వేషంలోకే వస్తాయి. వాటిని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్లంటారు. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ, సినమన్, మాటే, ఇంకా బోలెడు. మామూలు మనిషి వాటిలో ఒకటి ఎంచుకుని తన పని చూసుకుంటాడు. మాస్టారు మామూలు మనిషి కారు, కనీసం ఆయన ఉద్దేశంలో. ఆయన అన్నిటినీ పరీక్షిస్తారు. పరీక్ష పెట్టడమే తప్ప ఇంతవరకూ ఒక్కదాన్నీ పాస్ చేసిన పాపాన పోలేదు.

ఆ పరీక్షలన్నీ ఉత్తుత్తి కంప్యూటర్లలోనే. వర్చువల్ మెషిన్ అంటే అదే: అసలు కంప్యూటర్‌లో ఒక కిటికీ తెరుచుకుంటుంది, ఆ కిటికీలో ఇంకో కంప్యూటర్ మొత్తం నడుస్తుంటుంది. దాన్ని చెడగొట్టినా, తగలబెట్టినా అసలుదానికి గీత పడదు. బట్టల కొట్టులో అద్దం ముందు చొక్కా తర్వాత చొక్కా తొడిగి చూసుకుని, చివరికి పాత చొక్కాతోనే ఇంటికొచ్చే మనిషిని మీరు చూసే ఉంటారు. మాస్టారు ఏళ్ళ తరబడి ఆ అద్దం ముందే ఉన్నారు. ఆయన అసలు కంప్యూటర్ మీద మాత్రం కొన్ననాడు కంపెనీవాళ్ళు ఏ వేషం వేసి పంపారో ఈరోజుకీ అదే. జీతం చూసుకునేదీ, ప్రశ్నపత్రాలు తయారుచేసుకునేదీ దాంట్లోనే.

"అన్నీ చూశారు కదా, ఒకటి నిజంగా వేసుకోవచ్చుగా?" అని భార్య ఒకసారి అడిగింది.

"ఇంకా తేలలేదు," అన్నారు మాస్టారు.

తేలినవి తీర్పులు. గ్నోమ్‌లో కిటికీని కిందికి దించే బటనే ఎదురుగా ఉండదట. "దించుకునే హక్కు లేనివాడికి తెరిచే హక్కెందుకు?" కేడీఈలో సెట్టింగులు మరీ ఎక్కువట. "తెరిస్తే చాలు, మన ఆవులింత ఎంత వెడల్పుండాలో కూడా మనల్నే అడిగేట్టుంది." సినమన్ పక్కవాడి పేపర్ చూసి రాసిన జవాబట. 'మాటే' పాత ఇంటికి వేసిన కొత్త సున్నమట. ఎక్స్‌ఎఫ్‌సీఈ రిటైరయ్యే రోజు కోసం కూర్చున్న గుమస్తాట. పని చేస్తుంది కానీ చూడబుద్ధి కాదట. పైగా ఒక్కోదానికి చారెడు మెమరీ మాత్రం కేటాయించి, "నత్తలా నడుస్తోంది, చూశావా!" అని మురిసిపోతారు.

"తిండి పెట్టకుండా పరిగెత్తమంటే ఎలాగండీ?" అంది భార్య, బట్టలు మడత పెడుతూ.

"నీకు తెలియదులే," అన్నారు మాస్టారు. ఆయన సంసారంలో ఎక్కువసార్లు వినిపించిన మాట అదే.

ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన వసతి ఇంకోటుంది. ఉత్తుత్తి కంప్యూటర్ ఒక క్షణంలో ఎలా ఉందో అలాగే పట్టి దాచుకోవచ్చు. దాన్ని స్నాప్‌షాట్ అంటారు. తర్వాత ఎంత కలగాపులగం చేసినా, ఒక్క నొక్కు నొక్కితే చాలు, మళ్ళీ ఆ క్షణానికి వెళ్ళిపోతుంది. మధ్యలో జరిగిందంతా జరగనట్టే. మాస్టారు కొత్తది ఎక్కించగానే ఒక స్నాప్‌షాట్ తీసి, గంటసేపు దాన్ని నానా తిట్లూ తిట్టి, మళ్ళీ వెనక్కి పంపించేసి లేస్తారు. రోజూ చేసీ చేసీ అది ఆయన చేతికి అలవాటైపోయింది. తప్పు చేసినా అంటుకోని చోటు అదొక్కటే దొరికింది పాపం ఆయనకి, అక్కడే కాపురం పెట్టేశారు.

ఆ ఇంట్లోకి అక్క వచ్చింది. మాస్టారికి పెద్దక్క. ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుతూ, తర్వాత కంప్యూటర్ మీద పేజీలు పేరుస్తూ జీవితంలో సగం గడిపిన మనిషి. ప్రెస్ మూతపడింది. ఆమె వాడిన కంప్యూటర్ని యంత్రాలతో పాటే పాత ఇనుం కింద తూకానికి పట్టుకుపోయారు. అక్క తమ్ముడింటి వెనక గదిలో దిగింది. ఆ ఇంట్లో ఎవరూ ఆమెని ఒక్క మాటా అనలేదు. అయినా అన్నం కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఆమెకి ముద్ద దిగేది కాదు. పని లేకుండా తినడం ఆమెకి ఎప్పుడూ అలవాటు లేదు.

కొన్నాళ్ళకి కబురొచ్చింది. చిన్నపిల్లల వాచకాలు వేసే ఒక ప్రచురణ సంస్థవాళ్ళు, రాయడమూ పేజీలు పేర్చడమూ రెండూ వచ్చిన మనిషి కోసం చూస్తున్నారు. మూడో తరగతికి ఒక పాఠం సొంతంగా రాసి, వాళ్ళు పంపిన బొమ్మలతో పేజీలు పేర్చి, శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపు పంపాలి. బాగుంటే పుస్తకం మొత్తం ఆమె చేతిలో పెడతారు.

"ఈ వయసులో ఇంకోసారి పిలవరురా," అంది అక్క. "నాకో కంప్యూటర్ ఇవ్వు. పాతదైనా సరే."

భార్య పాత ల్యాప్‌టాప్ బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయి ఉంది. లినక్స్ వేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుందని మాస్టారే అన్నారు. ఒక సాయంత్రం పని. కానీ ఏ వేషం వెయ్యాలి? అక్క కళ్ళకి, అక్క చేతికి, అక్క వయసుకి తగిన డెస్క్‌టాప్ ఏది? పరీక్షించకుండా ఎలా వేస్తారు? మాస్టారికి పండగే వచ్చిపడింది.

ఆదివారం గ్నోమ్ చూపించారు. సోమవారం కేడీఈ, దాని తర్వాత సినమన్. అక్క కుర్చీ లాక్కుని కూర్చునేది, ఆయన చూపించేది చూసేది, "ఇది చాలురా, వేసెయ్," అనేది.

"ఎలా చాలుతుందక్కా? ఈ మెనూ చూడు, తెరిస్తే సగం తెర తినేస్తోంది."

"నేను మెనూ రాయనురా, పాఠం రాస్తాను. పేజీ కనిపిస్తే చాలు నాకు."

"నీకు తెలియదు. రేపు నువ్వే నన్ను తిట్టుకుంటావు."

"రేపటి దాకా ఎందుకు, ఇప్పుడే తిట్టుకుంటున్నాను."

మంగళవారం సాయంత్రం ఆయన 'మాటే' ఎక్కించి, దాని వంకలు చెప్పడానికి గొంతు సవరించుకునేసరికి అక్క లేచి నిలబడింది. "ఒరే, నువ్వు నాకు కంప్యూటర్ ఇస్తున్నావా, కంప్యూటర్ల మీద హరికథ చెప్తున్నావా? శనివారం నెత్తి మీదికొచ్చింది. ఇస్తే ఇవ్వు, లేకపోతే లేదను. ఎవరి కాళ్ళో పట్టుకుంటాను."

మాస్టారికి ఒళ్ళు మండింది. అజ్ఞానులకి మేలు చెయ్యబోతే ఇదే మర్యాద అనుకున్నారు. అయినా తగ్గి, అప్పటికే సిద్ధంగా ఉన్న ఎక్స్‌ఎఫ్‌సీఈ కిటికీ తెరిచి, అందులో పేజీలు పేర్చే ప్రోగ్రాం, తెలుగు అక్షరాలూ ఎక్కించి, ఎప్పటిలాగే స్నాప్‌షాట్ తీసి, "అందాకా ఇందులో చేసుకో. ల్యాప్‌టాప్ సంగతి తేలాక దాంట్లోకి మారుద్దాం," అన్నారు. తన అసలు కంప్యూటర్ మీద ఆమెని నేరుగా కూర్చోబెట్టడానికి మాత్రం మనసొప్పలేదు. అందులో ఫైళ్ళు ఎక్కడపడితే అక్కడ పడేస్తుందని భయం.

"ఇదీ కంప్యూటరేనా?" అంది అక్క, కిటికీని అనుమానంగా చూస్తూ.

"కంప్యూటరే. కంప్యూటర్లో కంప్యూటర్."

"ఎన్ని ఉంటే నాకేం. రాస్తే ఉంటుందా?"

"ఎందుకుండదు?" అన్నారు మాస్టారు.

బుధవారం, గురువారం ఆయన కాలేజీకి వెళ్ళగానే అక్క ఆ కుర్చీలో కూర్చుంది. పాఠం పేరు 'వాన నీళ్ళు ఎక్కడికెళ్తాయి'. వాన వెలిశాక ఒక పిల్ల తన గుమ్మం ముందు నీటిపాయని పట్టుకుని వీధి చివరిదాకా వెళ్తుంది, అంతే కథ. అంతే కథని అచ్చులో నిలబెట్టడం ఎంత కష్టమో రాసేవాళ్ళకే తెలుస్తుంది. అక్క ఒక్కో వాక్యాన్నీ గుక్క తిప్పుకోకుండా చదువుకుంటూ, కొట్టేస్తూ, మళ్ళీ రాసింది. చిన్న అక్షరాలు కళ్ళకి ఆనక అన్నీ పెద్దవి చేసుకుంది. పైనున్న పట్టీని కిందికి లాక్కుంది, ప్రెస్‌లో అలాగే ఉండేది కాబట్టి. ఫైళ్ళన్నీ తెర మీదే వరసగా పెట్టుకుంది.

ప్రెస్‌లో ప్రూఫు ఒక్కరు దిద్దరు. ఒకరు పైకి చదువుతారు, ఇంకొకరు వింటూ సరిచూస్తారు. చదివేవాళ్ళు కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా నోటితో చెప్పాలి. ఆ అలవాటు పోక, అక్క ప్రతి పేజీ అవగానే మరదల్ని పిలిచి కూర్చోబెట్టేది. "వాన వెలిసింది, ఫుల్‌స్టాప్. నీళ్ళు బయల్దేరాయి, కామా, ఎవరికీ చెప్పకుండా, ఫుల్‌స్టాప్." ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి, గడప మీద కూర్చుని వినేది. "వదినా, 'గబగబా' ఆ పక్క పేజీలో కూడా వచ్చింది," అనేది. అక్క నాలిక్కరుచుకుని మార్చేది. పేజీ పేజీకీ రెండు మూడు సార్లు అలా జరిగింది. ఆ రెండు మధ్యాహ్నాలూ ఆ ఇంట్లో చాలా కాలానికి ఒక పని నడిచిన చప్పుడు వినిపించింది.

గురువారం సాయంత్రం, చదవడం అంతా అయిపోయాక, అక్కకి ఆఖరి వాక్యం నచ్చలేదు. మరదలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒక్కతే కూర్చుని ఏడెనిమిది రకాలుగా రాసి, కొట్టేసి, చివరికొకటి కుదిరింది. కుదిరిందని ఆమెకే తెలిసింది. ఒళ్ళు తేలికైనట్టయింది. సరిగ్గా అప్పుడే మాస్టారు బూట్లు విప్పి లోపలికొచ్చారు.

"అయిపోయిందిరా! చూడు," అని అక్క కుర్చీ ఖాళీ చేసి పక్కన నిలబడింది.

మాస్టారు కూర్చున్నారు. ముందుగా పట్టీ కిందికి జారి ఉండడం చూసి ముఖం చిట్లించారు. తర్వాత తెర మీద పడున్న ఫైళ్ళు చూశారు. తర్వాత ఆఖరి పేజీని దగ్గరికి లాగి, ఆఖరి వాక్యాన్ని తెరంతా నిండేలా పెద్దది చేసి, కళ్ళు చికిలించి చాలాసేపు చూశారు. తమ్ముడికి మెప్పుకోలు నోటికి రాదని అక్కకి తెలుసు. అయినా ఒక్క మాటకి మనసు ఎదురుచూసింది.

"ఎలా ఉందిరా?"

"అంచులు బాలేవు."

"ఏం అంచులు?"

"అక్షరాల అంచులు. చూడు, ఒత్తుల దగ్గర గరుగ్గా కనిపిస్తున్నాయి. ఇదే కేడీఈలో అయితే కొంచెం నయం. నేను అప్పుడే చెప్పాను."

అక్క వెనక గదిలోకి వెళ్ళి, చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది. ఆయన ఇంకాసేపు ఆ అంచులే చూసుకున్నారు.

పాఠం అప్పుడే పంపించెయ్యాల్సింది. కానీ ప్రెస్ అలవాటు ఇంకోటి అడ్డొచ్చింది. పేర్చిన పేజీని ఒక రోజు ఊరికే వదిలెయ్యాలి, మళ్ళీ కొత్త కళ్ళతో చూసి గాని అచ్చుకి ఇవ్వకూడదు. అందుకని శుక్రవారం అక్క కంప్యూటర్ దగ్గరికే వెళ్ళలేదు. శనివారం పొద్దున్న ఒకసారి చూసి పంపిస్తానంది.

శుక్రవారం కాలేజీ మధ్యాహ్నానికే వదిలేశారు. మాస్టారు ఇంటికొచ్చి, భోంచేసి, కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ల్యాప్‌టాప్ కోసం ఇంకా లెక్క తేలలేదు కదా. అన్నీ కొత్తగా ఎక్కించినప్పుడు ఏది ఎంత మెమరీ తింటుందో పోల్చి చూద్దామనుకున్నారు. ఎక్స్‌ఎఫ్‌సీఈ కిటికీ ముందుకొచ్చింది. కింద పట్టీ, గుమ్మడికాయలంత అక్షరాలు, చెల్లాచెదురుగా ఫైళ్ళు. ఇలాంటి దాన్ని కొలిస్తే కొలత తప్పొస్తుంది. ఆయన చెయ్యి తనంతట తానే స్నాప్‌షాట్ దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడున్నదాన్ని కూడా దాచమంటారా అని ప్రోగ్రాం అడిగింది. దాచమనే గుర్తు ముందే పెట్టి ఉంది కూడా. చోటు దండగని రోజూ తీసేసినట్టే ఆయన ఆ గుర్తు తీసేసి, నొక్కారు.

కిటికీ ఒకసారి నల్లబడి వెలిగింది. పట్టీ పైకి వెళ్ళింది. అక్షరాలు చిన్నవయ్యాయి. తెర అద్దంలా ఉంది. మాస్టారి ప్రాణానికి హాయిగా అనిపించింది. నిజం చెప్పాలంటే, ఆ హాయి ఆయన దాదాపు అరనిమిషం అనుభవించారు.

తర్వాత అక్క పాఠం గుర్తొచ్చింది.

భార్య మంచినీళ్ళు తెచ్చేసరికి ఆయన ఏవేవో ఫోల్డర్లు తెరిచి మూస్తున్నారు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

"ఏమైందండీ?"

"ఏం లేదు."

ఆవిడ తెర వైపు చూసింది. వరసగా ఉండాల్సిన ఫైళ్ళు లేవు. "వదిన పాఠం ఏదీ? పోయిందా?"

"పోలేదు," అని మాస్టారు నీళ్ళు నమిలారు. "వెనక్కి వెళ్ళింది."

"ఎంత వెనక్కి?"

"మంగళవారానికి."

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. అప్పటికే అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ముఖంలో రక్తం లేదు.

"మళ్ళీ ముందుకి తీసుకురారా," అంది.

"అలా రాదక్కా."

"వెనక్కి వెళ్ళేది ముందుకెందుకు రాదు?"

"దాచి ఉంటే వచ్చేది. దాచలేదు."

"ఎవరు దాచలేదు?"

ఇలాంటప్పుడు ఎవడైనా నోరు మూసుకుంటాడు, లేదా కాళ్ళ మీద పడతాడు. వంకల మాస్టారు ఆ రెండూ చెయ్యలేదు. గొంతు సవరించుకుని, "పోనీలే అక్కా, ఎలాగూ మళ్ళీ చెయ్యాలి కదా. ఈసారి సినమన్‌లో చెయ్యి. అక్షరాలు ఇంకా బాగా..." అన్నారు.

అక్క ఆయన వైపు చూసిన చూపులో కోపం లేదు. కోపం రావడానికి ఎదుటివాడు ఒక మనిషిలా కనిపించాలి. ఆమె చెప్పులు వేసుకుంది. "నువ్వు రామ్మా," అంది మరదలితో. ఆవిడ గ్యాస్ కట్టేసి, తలుపు దగ్గరికి వేసి, వెంట నడిచింది. పిలవకపోయినా మాస్టారు కూడా వెనకాలే వెళ్ళారు.

వీధి చివర జిరాక్స్ కొట్టుంది. అద్దె ఒప్పందాలూ, దరఖాస్తులూ, పరీక్ష పేపర్లూ అన్నీ ఆ ఒక్క కంప్యూటర్ మీదే. కీబోర్డు మీద అక్షరాలు అరిగి ఎప్పుడో పోయాయి. తెర నిండా ఫైళ్ళు, గోడ మీద ఈగల్లా. దాని మీదున్న డెస్క్‌టాప్ పేరేమిటో కొట్టాయనకి తెలియదు, ఎవరూ అడగలేదు. మాస్టారు ఈ కంప్యూటర్ని స్టాఫ్ రూమ్‌లో ఎన్నిసార్లు వెక్కిరించారో లెక్క లేదు. పేజీలు పేర్చే ప్రోగ్రాం మాత్రం అందులో ఉంది. బొమ్మలు అక్క మెయిల్లో అలాగే ఉన్నాయి.

"కూర్చోండమ్మా," అన్నాడు జిరాక్స్ ఆయన. "మూసేదాకా మీరే వాడుకోండి. పొద్దున్న పెందరాళే తీస్తాను."

అక్క కూర్చుంది. పక్కన స్టూలు మీద మరదలు కూర్చుని కళ్ళు మూసుకుంది. "వాన వెలిసింది, ఫుల్‌స్టాప్," అంది. "నీళ్ళు బయల్దేరాయి, కామా, ఎవరికీ చెప్పకుండా, ఫుల్‌స్టాప్."

అక్క వేళ్ళు కదిలాయి. రెండు రోజులు గడప మీద కూర్చుని విన్నదంతా ఆవిడ నోట్లోంచి కామాలతో సహా వస్తోంది. అంతా సరిగ్గా రాలేదు. కొన్నిచోట్ల ఇద్దరూ వాదించుకున్నారు.

"మలుపు దగ్గర ఆగాయి అని కదా వదినా?"

"కాదమ్మా, ఆగి చూశాయి. ఆగాయి అన్నది బుధవారం రాసింది. తీసేశాం."

"అవునవును. ఆగి చూశాయి, కామా."

మాస్టారు వాళ్ళ వెనక నిలబడ్డారు. కాసేపటికి ప్రశ్నపత్రాల కట్టతో లెక్కల మాస్టారు వచ్చి, ఆయన్ని చూసి ఆగిపోయాడు. "అదేంటి మాస్టారూ, ఈ డొక్కు కంప్యూటర్ దగ్గర మీకేం పని? మీ ఇంట్లో ఇరవై ఉన్నాయంటారుగా."

"ఇంట్లోవి వాడుకోవడానికి కాదండీ," అంది భార్య కళ్ళు తెరవకుండానే. "చూసుకోవడానికి."

లెక్కల మాస్టారు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. వంకల మాస్టారికి తల తీసేసినట్టయింది. ఇంటికి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఆపేవాళ్ళు లేరు. వెళ్ళలేకపోయారు. ఈ పాఠం గడువులోపు చేరకపోతే అక్కకి ఇంకో తలుపు లేదని, ఉన్న ఒక్క తలుపునీ మూసింది తన చెయ్యేనని అప్పటికి ఆయన బుర్రకెక్కింది. కొట్టు మూసేవేళకి సగం అయింది. శనివారం తెల్లారుతూనే మళ్ళీ ముగ్గురూ అక్కడే ఉన్నారు.

పదకొండు దాటాక ఆఖరి పేజీకొచ్చారు. మరదలు చెప్తూ చెప్తూ ఆగింది. "ఇంతవరకే విన్నాను వదినా. దీని తర్వాత వాక్యం మీకు నచ్చలేదన్నారు. మారుస్తానన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను."

"మార్చాను," అంది అక్క. నుదురు రుద్దుకుంది. "ఏడెనిమిది రాశాను. అన్నీ కలిసిపోయాయి. ఆఖర్న ఉంచింది మాత్రం చాలా బాగా కుదిరింది, అది తెలుసు. ఏదో చిన్న మాటతో తిరిగింది. ఏమిటది?"

అక్క మెల్లగా కుర్చీ తిప్పింది. కొట్టులోకి వచ్చాక తమ్ముడి ముఖం చూడడం అదే మొదలు.

"నువ్వు చూశావు," అంది. "తెరంతా నింపుకుని చూశావు గురువారం సాయంత్రం. నేను పక్కనే ఉన్నాను. ఎంతసేపో చూశావు. చెప్పరా, ఏముంది అందులో?"

మాస్టారు నిజంగానే గుర్తుచేసుకోవాలని చూశారు. కళ్ళ ముందు ఆ తెర కనిపిస్తోంది కూడా. నల్లటి అక్షరాలు, అరచేతులంత పెద్దవి. అంచుల దగ్గర మెట్లు మెట్లుగా బూడిదరంగు చుక్కలు. పైన పట్టీ లేని ఖాళీ. పక్కన మెమరీ ఎంత తింటోందో అది కూడా గుర్తుంది.

"ల్ల ఒత్తు ఉందక్కా అందులో," అన్నారు. "అక్కడే గరుగ్గా కనిపించింది."

"ల్ల ఒత్తుతో ఎన్ని మాటలున్నాయిరా తెలుగులో? వాక్యం చెప్పు."

మాస్టారు అక్క ముందున్న తెర వైపు చూశారు.

"చదివావా, అసలు?"

ఆయన భార్య కూడా కళ్ళు తెరిచి చూసింది.

"చదవలేదక్కా."

అక్క తల ఊపింది. ఆశ్చర్యపోలేదు, అదే ఆయనకి ఎక్కువ తగిలింది. "పక్కకి జరుగు," అంది. "వెలుతురికి అడ్డొస్తున్నావు."

మాస్టారు జరిగారు. అక్క గోడ గడియారం వైపు చూసి, ఇంకో వాక్యం ఏదో రాసింది. రాస్తున్నప్పుడే అది పాతదానికి సాటిరాదని ఆమె ముఖమే చెప్పింది. పన్నెండుకి కొద్ది నిమిషాల ముందు పాఠం వెళ్ళిపోయింది.

పని ఆమెకే వచ్చింది. పాఠం హాయిగా ఉందని, ఆఖర్న మాత్రం కాస్త తేలిపోయిందని, అయినా పర్వాలేదని ప్రచురణ సంస్థ ఆవిడ ఫోన్‌లో చెప్పింది. వాళ్ళే ఒక కంప్యూటర్ కూడా పంపారు. దాన్ని జిరాక్స్ ఆయన వచ్చి బిగించి వెళ్ళాడు. దాని మీద ఏ డెస్క్‌టాప్ ఉందో మాస్టారికి ఇప్పటికీ తెలియదు. వెనక గది గడప దాటి ఆయన అడుగు పెడితే అక్క తెర ఆపేస్తుంది. మాట్లాడడం మానలేదు. అన్నం తిన్నావా అంటుంది, గొడుగు పట్టుకెళ్ళమంటుంది. రాసింది మాత్రం చూపించదు. మరదలు రోజూ మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుని కామాలు వింటుంది.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు ఒక ప్రతి ముందు గదిలో బల్ల మీద ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. మాస్టారు దాన్ని తీసి, అట్ట అటూ ఇటూ తిప్పి, కాగితం వేళ్ళతో రాసి చూసి, ఏదో అనబోయి, వినేవాళ్ళు లేక మానేశారు. తర్వాత కూర్చుని ఆ పాఠం మొదటినుంచీ చదివారు. వాన వెలిసింది. నీళ్ళు బయల్దేరాయి, ఎవరికీ చెప్పకుండా. బాగుంది. పిల్ల మలుపు తిరిగేచోట చదువుతూ చదువుతూ కుర్చీ అంచుకి జరిగారు. అంత బాగుంటుందని ఆయన అనుకోలేదు.

ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చారు. 'అలా నీళ్ళు వెళ్ళిపోయాయి, పిల్ల ఇంటికి వచ్చేసింది.' అంతే. ఎవరైనా రాసెయ్యగల వాక్యం.

ఇక్కడ ఉండాల్సింది ఇది కాదని ఆయనకి తెలుసు. ఉండాల్సినదాన్ని, అది రాసిన అక్క తర్వాత, ఈ లోకంలో చూసినవాడు ఆయనొక్కడే. మూడో తరగతి పిల్లవాడు కూడా చదివేస్తాడు దాన్ని. ఈయన చదవలేదు.